సుంకమా, పన్నా?

2025 ఆగస్టు నెలాఖరులో ఒక పాత మాట తెలుగు పత్రికల మొదటి పేజీకెక్కి కూర్చుంది. అమెరికా మన సరుకుల మీద మోపిన 50 శాతం భారానికి పత్రికలు పెట్టిన పేరు ‘సుంకం’. భీమవరం వైపు రొయ్యల వ్యాపారి టారిఫ్ అన్నా, ట్యాక్స్ అన్నా, అచ్చులోకి వచ్చేసరికి అది సుంకమే. భాష తెలిసిన చెయ్యి అలాగే రాస్తుంది మరి. ఎల్ల దాటే సరుకు మీద పడేది సుంకం, ఇంటిపట్టున ఉన్నవాడి మీద పడేది పన్ను.

ఇంత వివేకమూ ఆ అమెరికాదే 250 ఏళ్ళ నాటి కథ చెప్పాల్సి వచ్చేసరికి ఎటుపోతుందో తెలియదు. చక్కెర పన్ను, స్టాంపు పన్ను, తేయాకు పన్ను అని అన్నిటినీ ఒకే గాటన కట్టి, ‘ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు’ అన్న నినాదంతో పాఠం ముగిస్తాం. పిల్లవాడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాడు. కథలో అసలు కీలు మాత్రం జారిపోతుంది. ఎందుకంటే 1764 నుంచి 1774 దాకా ఆ పదేళ్ళూ అట్లాంటిక్‌కు అటూ ఇటూ జరిగిన వాదమంతా ఈ రెండు మాటల మధ్యే. లండన్ వేస్తున్నది సుంకమా, పన్నా? సుంకమైతే కట్టడానికి వలసవాసులు సిద్ధమే. తరతరాలుగా కడుతూనే ఉన్నారు, లేదా కట్టాల్సిన మాట నిజమేనని ఒప్పుకుంటూ ఎగ్గొడుతున్నారు. పన్ను అయితే పైసా ఇవ్వరు.

కాబట్టి ముందు మన మాటల సంగతి చూద్దాం.

సుంకం పుట్టిల్లు సంస్కృత ‘శుల్కం’. ప్రాకృతంలో, పాలీలో ‘సుంక’ అయి, అక్కణ్ణించి దక్షిణాదికి దిగింది. మనకు సుంకం, కన్నడిగులకు సుంక, తమిళులకు సుంగం. తెలుగు అంతటితో ఊరుకోక తల్లినీ పిల్లనీ ఇద్దర్నీ ఉంచుకుంది. తద్భవం రేవుల్లో, కనుమల్లో, ఊరి పొలిమేరల్లో తిరిగింది. తత్సమం పెళ్ళిపందిట్లోకి వెళ్ళి ‘కన్యాశుల్కం’ అయింది. గురజాడ పుణ్యమా అని ఆ రెండోది ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. రెండింట్లోనూ అడుగున ఉన్న అర్థం ఒకటే, దేనికో బదులుగా ఇచ్చే మూల్యం. దారి ఇచ్చినందుకు, రేవు ఇచ్చినందుకు, పిల్లనిచ్చినందుకు. ఇచ్చిపుచ్చుకోవడం అన్న ఊహ లేకుండా శుల్కం లేదు.

పన్ను అలా కాదు. పంటి పన్నుతో దీనికి ఏకవచనంలోనే పోలిక. బహువచనంలో అవి పళ్ళు, ఇవి పన్నులు. మరో పన్ను క్రియ. వల పన్నుతాం, వ్యూహం పన్నుతాం, కుట్ర పన్నుతాం. ధ్వని కలిసిందని బంధుత్వం అంటగట్టను గాని, ఈ మూడో పన్ను మనకు ముందు ముందు పనికొస్తుంది. పన్నుకు మనం జతచేసే క్రియ ‘విధించు’. శిక్షకూ అదే. సుంకాన్ని కూడా ఇప్పుడు విధిస్తున్నారు గాని, పాత వాడుకలో సుంకం ‘కొనేవారు’, ‘తీసేవారు’. సరుకు కదిలితేనే సుంకం, కదలకపోతే లేదు. ఇవి కాక ‘అరి’ అనే అచ్చతెలుగు మాట ఉంది. ఇంటికి ఇల్లరి, పచ్చికకు పుల్లరి. ఆ పుల్లరి పేరు మీదే 1922లో పల్నాడు అడవి అంచున కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు.

సుంకానికి మన దగ్గర గట్టి చరిత్రే ఉంది. కౌటిల్యుడి శుల్కాధ్యక్షుడు నగరద్వారం దగ్గర జెండా ఎగరేసి శుల్కశాల తెరుస్తాడు. సరుకు మీద ముద్ర లేకపోతే కట్టాల్సినదానికి రెట్టింపు, దొంగముద్ర అయితే ఎనిమిది రెట్లు. చినగంజాం దగ్గరి మోటుపల్లిలో గణపతిదేవ చక్రవర్తి 1244–45లో వేయించిన అభయశాసనం చూడండి. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు కాజేసేవారట. మేం అలా చేయం, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవారి దగ్గర ముప్ఫయ్యో వంతు చొప్పున నియత శుల్కమే తీసుకుంటాం అంటుంది. దోపిడీకీ సుంకానికీ మధ్య గీత ఎక్కడో ఒక రాజు రాతి మీద చెక్కించాడు. ‘క్లుప్తశుల్కం’ అన్నది అక్కడి మాట, ముందే ఇంతని తేల్చి చెప్పిన సుంకం అని. అంతకు ముందు వేంగి నుంచి వెళ్ళి చోళ సింహాసనమెక్కిన మొదటి కులోత్తుంగుడికి తమిళులు ‘సుంగందవిర్త చోళుడు’ అని బిరుదిచ్చారు. సుంకం మాన్పించినవాడు అని అర్థం. ఇక వసూలుచేసే సుంకరి అరకు దారిలోని సుంకరమెట్టలో, ఎన్నో ఇంటిపేర్లలో మిగిలాడు. ‘సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు’ అన్న సామెతలో కూడా. అతని చెవి ఎలాంటిదో ఆ సామెతే చెబుతుంది.

ఇంగ్లీషువాళ్ళు సుంకాన్ని ‘కస్టమ్స్’ అన్నారు. అంటే ఆచారం, అలవాటుగా వస్తున్నది. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు సరిగ్గా ఇదే అర్థంతో ఇంకో మాట వచ్చింది, ‘మామూలు’. వాళ్ళ మాట కస్టమ్స్ ఆఫీసై గౌరవంగా బతుకుతోంది. మన మామూలు మాత్రం బల్ల కిందకి దిగిపోయింది. అయితే అమెరికా రేవుల్లో ఈ రెండు అర్థాలూ ఒకే కుర్చీలో కూర్చుని పనిచేశాయి. 1733లో లండన్ ఒక చట్టం తెచ్చింది. ఫ్రెంచివాళ్ళ దీవుల నుంచి వచ్చే మొలాసిస్ మీద, అంటే చక్కెర తీయగా మిగిలే నల్లటి మడ్డి మీద, గాలన్‌కు ఆరు పెన్నీలు. న్యూ ఇంగ్లండ్‌లో రమ్ము కాచేవాళ్ళకు అదే ముడిసరుకు. ఆరు పెన్నీలు కడితే వ్యాపారం మూతపడ్డట్టే. కాబట్టి కస్టమ్స్ అధికారికి అందులో చిన్న వంతు మామూలు ఇచ్చి పీపాలు దింపుకున్నారు. ముప్ఫయ్యేళ్ళు ఇలా సాగింది. సుంకం కాగితం మీద ఉంది, ఎవరూ కాదనలేదు. దాదాపు ఎవరూ కట్టలేదు కూడా. ఆ సుంకం ఉద్దేశం ఖజానా నింపడం కాదు, ఫ్రెంచి సరుకు రాకుండా చేయడం. వ్యాపారాన్ని అదుపు చేసే సుంకం అన్నమాట. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

1763లో ఫ్రాన్స్‌తో ఏడేళ్ళ యుద్ధం ముగిసింది. బ్రిటన్ గెలిచింది, అప్పు దాదాపు రెట్టింపయింది. అమెరికాలో పదివేల సైన్యాన్ని ఉంచాలనుకున్నారు, దానికి డబ్బు కావాలి. ప్రధాని జార్జ్ గ్రెన్‌విల్ లెక్కల మనిషి. 1764లో మొలాసిస్ సుంకాన్ని ఆరు నుంచి మూడు పెన్నీలకు తగ్గించాడు, కానీ ఈసారి కట్టి తీరాలన్నాడు. దొరికితే జ్యూరీ లేని నౌకా న్యాయస్థానంలో విచారణ. చట్టం పీఠికలో ఆదాయం కోసమే అని దాచకుండా రాశాడు. భారం సగానికి తగ్గింది, గొడవ మొదలైంది. అర్థం మారినందుకు.

1765 మార్చి 22న స్టాంపు చట్టం వచ్చింది. పత్రాలకు, దావా కాగితాలకు, లైసెన్సులకు, వార్తాపత్రికలకు, పంచాంగాలకు, కరపత్రాలకు లండన్ నుంచి వచ్చిన ముద్ర కాగితమే వాడాలి. పేకముక్కల పెట్టెకు ఒక షిల్లింగు, పాచికల జతకు పది షిల్లింగులు, కాలేజీ పట్టాకు రెండు పౌన్లు. మనం ఇవాళ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నోరెత్తకుండా కట్టే స్టాంప్ డ్యూటీకి ఇది దూరపు చుట్టం. ఇంగ్లండ్‌లో అప్పటికే డెబ్బయ్యేళ్ళుగా అమల్లో ఉంది, అక్కడ ఎవరూ గుండెలు బాదుకోలేదు. విశేషమేమంటే, 1765 చట్టం తన నోటితో తాను ఎక్కడా ‘ట్యాక్స్’ అని చెప్పుకోలేదు. దాని పేరు నిండా ‘డ్యూటీ’లే. పన్ను అని పేరు పెట్టింది కట్టాల్సినవాళ్ళు. సరుకు ఏ ఎల్లా దాటలేదు, ఏ రేవులోనూ దిగలేదు. బోస్టన్‌లో ఒకడు తన ఇల్లు తన కొడుక్కి రాసిచ్చుకుంటుంటే మధ్యలో చెయ్యి చాపడం సుంకమెలా అవుతుంది?

గ్రెన్‌విల్ చేసిన రాజకీయపు తప్పు కూడా ఇక్కడే ఉంది. ఆ చట్టం మాటలతో బతికేవాళ్ళందరి మీదా ఒకేసారి పడింది. లాయర్లు, పత్రికల వాళ్ళు, అచ్చాఫీసుల వాళ్ళు. వాళ్ళు పోగా, పేకాట సాగే సత్రాల వాళ్ళు. ఇంత నోరున్న జనంతో పెట్టుకోకూడదు. ఆగస్టు 14న బోస్టన్‌లో ఒక ఎల్మ్ చెట్టుకు దిష్టిబొమ్మ వేలాడింది. స్టాంపు కాగితాలు పంచడానికి నియమితుడైన ఆండ్రూ ఆలివర్ బొమ్మ అది. పక్కన ఒక బూటు, లోంచి తొంగిచూస్తున్న దెయ్యం. బూటు ఎందుకంటే, రాజుగారి పాత గురువు బ్యూట్ ప్రభువు పేరు చెవికి బూట్ లాగే వినబడుతుంది. బూటు అడుగుకు ఆకుపచ్చ రంగు. గ్రీన్, వైల్, సోల్ – పచ్చటి నీచమైన అడుగు, లేదా గ్రెన్‌విల్ ఆత్మ. శ్లేషతో ఆరంభమైన విప్లవాలు లోకంలో ఎన్ని ఉన్నాయో గాని, మన చాటుకవులు చూసి ఉంటే మెచ్చుకునేవారు. రాత్రికి జనం ఆలివర్ కట్టించిన కొత్త షెడ్డును కూల్చారు. మర్నాడు అతను ఆ ఉద్యోగం వద్దన్నాడు. నవంబరు 1న చట్టం అమల్లోకి వచ్చేనాటికి, స్టాంపులు పంచాల్సినవాళ్ళు దాదాపు అందరూ రాజీనామా చేసేశారు.

ఆ బొమ్మ వేలాడడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, 1765 ఆగస్టు 12న, భూగోళం ఇవతలి పక్క ఇంకో కాగితం మీద ముద్ర పడింది. మొగల్ చక్రవర్తి షా ఆలం బెంగాల్, బిహార్, ఒరిస్సాల దివానీని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. అదే తేదీతో శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కార్ల మీద కూడా ఫర్మానా ఇచ్చాడు. మన కోస్తా జిల్లాలను ఇప్పటికీ సర్కారు జిల్లాలంటున్నది ఆ సర్కార్ల వల్లే. మరుసటి ఏడు నిజాంతో ఒడంబడిక చేసుకుని, ఏటా పేష్కష్, అంటే కప్పం, కడతామని కంపెనీ ఒప్పుకుంది. దివానీ అంటే శిస్తు వసూలు హక్కు. బోస్టన్‌లో ఒక ముద్ర కాగితం చెల్లదని బొమ్మను ఉరితీస్తున్న వారంలోనే, మచిలీపట్నం వెనకాల పల్లెల్లో రైతుకు తెలియకుండా అతని శిస్తు చేతులు మారింది. సుంకమా, పన్నా, కప్పమా అని అతన్ని ఎవరూ అడగలేదు. ఈ రెండు కాగితాలూ ఎనిమిదేళ్ళ తర్వాత ఒకే ఓడ ఎక్కాయి. ఆ కథ వస్తుంది.

స్టాంపు చట్టం మీద లండన్‌లో రెండు మంచి వాదనలు నడిచాయి. మొదటిది 1766 జనవరిలో పార్లమెంటు సభ్యుడు విలియం పిట్ చేసింది. ఇంగ్లీషు సంప్రదాయంలో పన్ను అనేది ప్రభుత్వం తీసుకునేది కాదు, ప్రజల తరఫున కామన్స్ సభ రాజుకిచ్చే కానుక. చట్టాల పీఠికల్లో ‘ఇస్తున్నాం, సమర్పిస్తున్నాం’ అనే రాస్తారు. మరి అమెరికా పన్ను విషయంలో మనం సమర్పిస్తున్నది ఎవరి సొమ్ము? మనది కాదు, అమెరికా వాళ్ళది! అని పిట్ ఎత్తిపొడిచాడు. తెలుగులో ఇంత పొడుగు ఉపన్యాసం అక్కర్లేదు, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటే చాలు. పన్నును కానుక అనుకునే ఈ ఊహ అర్థమైతే ప్రాతినిధ్యం నినాదం దానంతటదే అర్థమవుతుంది. కానుక సొంతదారే ఇవ్వాలి, లేదా అతను పంపిన మనిషి ఇవ్వాలి.

రెండోది వలసవాసుల తరఫున బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన సాక్ష్యం. 1766 ఫిబ్రవరి 13న కామన్స్ సభ అతన్ని నిలబెట్టి ప్రశ్న మీద ప్రశ్న వేసింది. బయటి సుంకానికీ లోపలి పన్నుకూ తేడా ఏమిటన్నారు. సుంకం సరుకు ధరలో కలిసి వస్తుంది, ఆ ధర నచ్చకపోతే కొనడం మానేస్తాం. లోపలి పన్ను ఇష్టమున్నా లేకపోయినా లాక్కుంటారు అన్నాడు. ఒక సభ్యుడు తెలివిగా అడిగాడు. ఈ తర్కంతోనే రేపు బయటి సుంకాన్ని కూడా కాదంటారేమో? ఫ్రాంక్లిన్ జవాబు సారాంశం ఇది. ఇప్పటిదాకా మావాళ్ళు అలా ఆలోచించలేదు. ఈ రెండింటికీ తేడా లేదని ఇక్కడ మీరే ఇన్ని వాదనలతో వాళ్ళకు నూరిపోస్తున్నారు, ఏదో ఒకనాటికి ఒప్పుకుంటారేమో. ఆ పదేళ్ళలో పలికిన మాటలన్నిటిలోకీ నాకు ముందుచూపున్న మాట ఇదే అనిపిస్తుంది.

మార్చి 18న స్టాంపు చట్టం రద్దయింది. అదే రోజు ఇంకో చట్టం పాసైంది. వలసల మీద ఏ విషయంలోనైనా సరే శాసించే అధికారం పార్లమెంటుకు ఉందని చాటే చట్టం. గంటలు కొట్టి పండగ చేసుకునే హడావుడిలో రెండోదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో చిత్రం చూడండి. అదే ఏడు మొలాసిస్ సుంకాన్ని పెన్నీకి తగ్గించి, ఫ్రెంచి సరుకుతో పాటు బ్రిటిష్ దీవుల సరుకు మీద కూడా వేశారు. సొంత సామ్రాజ్యపు సరుకు మీద కూడా వేశాక అది వ్యాపారాన్ని అదుపుచేసే సుంకం ఎలా అవుతుంది? ఆదాయం కోసం వేసిన నికార్సయిన పన్ను అది. డబ్బు కూడా బాగానే రాబట్టింది. దాని మీద ఊరేగింపుల్లేవు, బొమ్మల్లేవు. సుంకం చొక్కా తొడుక్కుని వచ్చింది కాబట్టి చెల్లిపోయింది.

దీన్ని చూసే కాబోలు ఆర్థికమంత్రి ఛార్లెస్ టౌన్‌షెండ్‌కు ధైర్యం వచ్చింది. లోపలి పన్ను, బయటి పన్ను అన్న తేడా నవ్వులాట అని సభలోనే వేళాకోళం చేసి, మీకు ఆ తేడా అంత ఇష్టమైతే అలాగే కానివ్వండి, బయటే వేస్తానన్నాడు. 1767 జూన్‌లో గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద రేవు సుంకాలు వచ్చాయి. తేయాకు పౌనుకు మూడు పెన్నీలు. వసూలుకు బోస్టన్‌లో ఏకంగా కస్టమ్స్ బోర్డు. మన శాస్త్రకారులకు ‘ఘట్టకుటీ ప్రభాత న్యాయం’ అని ఒకటుంది. సుంకం ఎగ్గొడదామని వర్తకుడు రాత్రంతా అడ్డదారుల్లో బండి తోలి, తెల్లారేసరికి సరిగ్గా సుంకరి పాక ముందే తేలతాడు. ఇక్కడ సుంకరే ఆ వర్తకుడు. పన్ను అన్న మాట తప్పించుకోవాలని చుట్టుతిరిగి సుంకం దారి పట్టి, పన్ను అన్న మాట ముందే తెల్లారాడు. ఆ తెల్లవారడం చూడ్డానికి టౌన్‌షెండ్ లేడు, సెప్టెంబరులోనే పోయాడు. సుంకాలు నవంబరులో అమల్లోకి వచ్చాయి.

తెల్లవార్చినవాడు జాన్ డికిన్సన్. 1767 డిసెంబరు నుంచి ఫిలడెల్ఫియా పత్రికలో ‘పెన్సిల్వేనియా రైతు’ పేరుతో పన్నెండు లేఖలు రాశాడు. రైతు అన్నది కలం పేరే, మనిషి లండన్‌లో చదివిన లాయరు. ఆ లేఖలు వలసల పత్రికల్లో దాదాపు అన్నిటా మళ్ళీ మళ్ళీ అచ్చయ్యాయి. అతను చేసింది పక్కా పదచర్చ. రేవులో కట్టారా, ఇంట్లో కట్టారా అన్నది కాదు తేడా అన్నాడు. ఎందుకు వేశారన్నది తేడా. వ్యాపారాన్ని ఒక దారిన నడపడానికి వేసింది సుంకం, అందులో డబ్బు వస్తే అది కొసరు. డబ్బు కోసమే వేసింది ఎక్కడ వేసినా పన్నే. పైగా గాజు, కాగితం మేం ఇంగ్లండ్ నుంచి తప్ప కొనకూడదని మీరే చట్టం చేశారు. కొనక తప్పని సరుకు మీద సుంకమంటే, నచ్చకపోతే మానుకోవచ్చన్న ఫ్రాంక్లిన్ తర్కం ఎలా నిలుస్తుంది? చిన్న మొత్తమే కదా అనేవాళ్ళకు ఆ చిన్నతనమే ప్రమాదం అన్నాడు. అలవాటైతే అది రేపటికి ఆచారమవుతుంది. ‘అదుపు’ అంటే ‘ఆదాయం’ కూడానా అన్న ఈ ప్రశ్న పాతబడిందనుకోవద్దు. దిగుమతులను ‘నియంత్రించే’ అధికారంలో సుంకం వేసే అధికారం కూడా ఇమిడి ఉందా అని 2025 నవంబరులో అమెరికా సుప్రీంకోర్టు ముందు లాయర్లు వాదించుకున్నారు.

ఇక మాట మీది పట్టు బజారులోకి దిగింది. వర్తకులు బ్రిటిష్ సరుకు తెప్పించం అని ఒట్టు పెట్టుకున్నారు. ఆడవాళ్ళు ఇళ్ళలో, చర్చి ముంగిళ్ళలో రాట్నాలు పెట్టి వడికారు. ఇంట్లో నేసిన ముతక బట్ట గౌరవమైంది. సుంకాలు దండుకుందామని వేస్తే అమ్మకాలే పడిపోయాయి. 1769 మే 1న లండన్‌లో మంత్రివర్గం అన్నిటినీ ఎత్తేద్దామనుకుంది గాని, తేయాకు మీదది మాత్రం హక్కు గుర్తుగా ఉంచాలని అయిదుగురు, వద్దని నలుగురు. ఆ ఒక్క ఓటుతో ఉండిపోయింది. 1770 మార్చి 5న ఈ సడలింపును ప్రధాని నార్త్ ప్రభువు సభ ముందు పెట్టాడు. సరిగ్గా ఆ సాయంత్రమే బోస్టన్ వీధిలో సైనికుల కాల్పుల్లో అయిదుగురు పోయారు. వార్తలు రెండూ సముద్రం మధ్యలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి.

ఇప్పుడు ఆగస్టు 12 నాటి కాగితం సంగతి. దివానీతో కంపెనీ దశ తిరిగిందనుకున్నారు. 1767లో పార్లమెంటు తనకూ వాటా కావాలని ఏటా నాలుగు లక్షల పౌన్లు రాయించుకుంది. 1770లో బెంగాల్‌ను కరువు ఊడ్చేసింది. యుద్ధాల ఖర్చు, నౌకర్ల దోపిడీ, పైన 1772లో లండన్ బ్యాంకుల కుప్పకూలుడు. కంపెనీ అప్పుకోసం ప్రభుత్వం గుమ్మమెక్కింది. గిడ్డంగుల్లో కోటిన్నర పౌన్ల బరువుకు పైగా చైనా తేయాకు మూలుగుతోంది. 1773 మే నెలలో తేయాకు చట్టం తెచ్చి, ఇంగ్లండ్‌లో కట్టిన సుంకం వాపసిచ్చి, కంపెనీ నేరుగా అమెరికాలో అమ్ముకోవచ్చన్నారు. మూడు పెన్నీల టౌన్‌షెండ్ సుంకం మాత్రం ఉంచారు. తేయాకు ధర తగ్గేదే! డచ్ దొంగసరుకుతో కూడా పోటీపడేటంత చవక. ఇక్కడే లండన్ అమెరికాను పూర్తిగా అపార్థం చేసుకుంది. చవక చేస్తే మింగుతారనుకుంది. చవగ్గా ఇవ్వడమే ఎర అని అవతలివాళ్ళు చదువుకున్నారు.

ఆ చదువు చెప్పినవాళ్ళలో మళ్ళీ డికిన్సనే ఉన్నాడు. 1773 నవంబరులో ‘రస్టికస్’ అన్న పేరుతో రాసిన లేఖలో అతను బెంగాల్‌ను తీసుకొచ్చాడు. ఆసియాలో ఈ కంపెనీ ఏంచేసిందో చూడండి, నేల పండక కాదు జనం చచ్చింది, తిండిగింజలు పోగేసి పేదలకు అందని ధర పెట్టినందుకు. అక్కడ పీల్చి పిప్పిచేసి ఇప్పుడు మన మీదకి వస్తున్నారు. ఇదీ దాని సారాంశం. కరువులో పోయిన బెంగాలీల ఊసు ఫిలడెల్ఫియా జనం ముందుకు ఒక హెచ్చరికగా వచ్చింది. కరుణ ఎంత, భయం ఎంత అని విడదీయబోను, భయమే హెచ్చు.

బోస్టన్ రేవులో జరిగింది కూడా సుంకం నియమాల మూలానే జరిగింది. డార్ట్‌మౌత్ ఓడ నవంబరు 28న వచ్చింది. వచ్చిన ఇరవై రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్ళు సరుకు జప్తుచేయొచ్చు. చేస్తే అమ్ముతారు, అమ్మితే ఆ డబ్బులోంచి సుంకం ముడుతుంది. సుంకం కట్టకుండా వెనక్కి పోదామంటే గవర్నరు పర్మిట్ కావాలి. గవర్నరు థామస్ హచిన్సన్. తేయాకు అమ్మకానికి కంపెనీ ఎంచుకున్నవాళ్ళలో అతని కొడుకులిద్దరున్నారు. డిసెంబరు 16, గడువు రేపటితో సరి. ఓల్డ్ సౌత్ ప్రార్థనాలయంలో అయిదువేల మంది చేరారు. ఓడ యజమాని కుటుంబపు కుర్రాడు ఫ్రాన్సిస్ రాచ్ మిల్టన్‌లో ఉన్న గవర్నరు దగ్గరికి చలిలో పోయి, పర్మిట్ లేదన్న కబురుతో చీకటిపడ్డాక తిరిగొచ్చాడు. ఆ తర్వాత మూడు గంటల్లో మూడు ఓడల మీది 342 పెట్టెలు పగిలాయి. ఆటు సమయం కావడంతో ఆకు మునగక కుప్పలు కట్టింది. దాన్ని ‘బోస్టన్ టీ పార్టీ’ అన్నది ఆ తరం కాదు. వాళ్ళు ‘తేయాకు ధ్వంసం’ అనే అన్నారు. విందు అన్న చమత్కారం యాభై ఏళ్ళ తర్వాతి మాట.

జవాబుగా 1774లో బోస్టన్ రేవు మూశారు, మసాచుసెట్స్ సనదును తిరగరాశారు. ఇక్కణ్ణించి మన మూడో ‘పన్ను’ కథలోకి వస్తుంది. ఒక్కో చట్టాన్నీ విడిగా చూస్తే ఒక మంత్రి తొందరపాటు అనుకోవచ్చు. మంత్రులు మారినా ఆగకుండా ఇలా వరుసగా వస్తున్నాయంటే వెనకాల పథకం ఉన్నట్టేనని ఆ ఏడు జెఫర్సన్ రాశాడు. ఎవరో కూర్చుని పన్నారు అన్నమాట. నిజానికి లండన్‌లో అంత పొందికైన బుర్ర ఎవరికీ లేదు. ఉన్నది అప్పు, తడబాటు, పంతం. కానీ పన్నులో పన్నాగం చూడ్డం మొదలయ్యాక మూడు పెన్నీలా, ముప్ఫయి పెన్నీలా అన్నది లెక్కలోంచి పోయింది. అప్పుడు కూడా, 1774 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో కూడిన వలసల ప్రతినిధుల కాంగ్రెస్, వ్యాపారాన్ని అదుపుచేసే నిజాయతీ చట్టాలకు మేం ఇష్టపూర్వకంగానే ఒప్పుకుంటామంది. లోపలిదైనా బయటిదైనా ఆదాయం కోసం వేసేదాన్ని మాత్రం కాదంది. డికిన్సన్ గీసిన గీత మీదే నిలబడింది. మరో ఆర్నెల్లకు లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాయి.

1776 జులై నాటి స్వాతంత్ర్య ప్రకటనలో ఫిర్యాదుల చిట్టా చాంతాడంత ఉంది. అందులో పన్నుకు దక్కింది ఒక్క పంక్తి, అదీ చిట్టా సగం దాటాక. ఆ ప్రకటన మీద డికిన్సన్ సంతకం లేదు. తొందరపడుతున్నామని వాదించి, ఓటు నాడు పక్కకు తప్పుకున్నాడు. మాట మీద గెలిచినవాడు ఆ మాట ఎక్కడికి తీసుకుపోయిందో చూసి వెనక్కి జంకాడని కొందరంటారు. నేనైతే, గీత అంత జాగ్రత్తగా గీసినవాడికి దాన్ని దాటడం కష్టమే అనుకుంటాను. ఆ తర్వాత మిలీషియాతో బయల్దేరిపోయాడు కూడా.

1778లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. అమెరికా వలసల్లో ఆదాయం కోసం ఏ సుంకమూ, ఏ పన్నూ ఇక వేయం. వ్యాపారాన్ని అదుపుచేసే సుంకాలు మాత్రం వేస్తాం, వాటి మీద వచ్చింది ఆ వలసకే వదిలేస్తాం. పదేళ్ళ కిందట ‘పెన్సిల్వేనియా రైతు’ అడిగింది ఇంచుమించు అక్షరాలా ఇదే. దాన్ని పట్టుకుని రాయబారులు జూన్‌లో ఫిలడెల్ఫియాలో దిగేసరికి బ్రిటిష్ సైన్యం ఆ ఊరు ఖాళీచేస్తోంది. ఫ్రాన్స్‌తో అమెరికా పొత్తు ఫిబ్రవరిలోనే కుదిరింది. స్వాతంత్ర్యం ఒప్పుకోండి, లేదా సైన్యాన్ని తీసుకుపోండి, తర్వాత మాట్లాడదాం అంది కాంగ్రెస్.

గెలిచాక వాళ్ళకూ ఖజానా కావలసివచ్చింది. 1787లో రాజ్యాంగం రాస్తూ, కొట్లాడుకున్న మాటలన్నిటినీ ఒకే వాక్యంలో వరసగా కూర్చోబెట్టారు: ట్యాక్సులు, డ్యూటీలు, ఇంపోస్టులు, ఎక్సైజులు. ఏదీ జారిపోకుండా నాలుగూ వేసే అధికారం కాంగ్రెస్‌దే. ‘ప్రత్యక్ష పన్ను’ అన్న ఐదో మాట ఇంకోచోట పెట్టి, దాన్ని రాష్ట్రాల జనాభా లెక్కన పంచాలన్నారు; ఆ లెక్కలో బానిస మనిషిని అయిదింట మూడు వంతులుగా కట్టారు. స్వేచ్ఛ పేరుతో మొదలైన పదచర్చలో ఆ భిన్నం ఉంది, దాటేయడానికి లేదు. ఆగస్టు 20న మసాచుసెట్స్ ప్రతినిధి రూఫస్ కింగ్ లేచి, ఇంతకీ ప్రత్యక్ష పన్ను అంటే కచ్చితమైన అర్థమేమిటి అని అడిగాడు. ఎవరూ జవాబివ్వలేదని మేడిసన్ తన నోట్సులో రాసుకున్నాడు. ఏడేళ్ళకు కాంగ్రెస్ గుర్రపుబళ్ళ మీద పన్ను వేస్తే, అది ప్రత్యక్షమా కాదా అని 1796లో సుప్రీంకోర్టు తేల్చాల్సివచ్చింది. కాదంది.